ప్యాచ్‌ను చదివే నేర్పు

ఫైళ్ల పాత, కొత్త రూపాల మధ్య తేడాను నమోదు చేసే పాఠాన్ని ప్యాచ్ అంటారు. పైథాన్‌లోని యూనిడిఫ్ లైబ్రరీ దాన్ని ఫైళ్లుగా, వాటిని హంకులుగా, అంటే మార్పును చుట్టుపక్కల వరుసలతో కలిపి చూపే ముక్కలుగా విడదీసి, వరుసలకు పాత, కొత్త సంఖ్యలను జతచేస్తుంది. పార్సింగ్ అనే ఈ పని తేలికగా కనిపించినా ఎంతో శ్రద్ధను కోరుతుంది. తొలగించిన వరుస ముందు ఒక గీత పెట్టడం నియమం గనుక, రెండు గీతలతో మొదలయ్యే ఎస్‌క్యూఎల్ వ్యాఖ్యను తొలగిస్తే అది మూడు గీతలతో మొదలై, అచ్చం పాత ఫైలు పేరు తెలిపే శీర్షికలా కనిపిస్తుంది. మంచి పార్సర్ ఆ రూపాన్ని నమ్మదు. హంకు తలవరుసలోని "-12,7 +12,8" వంటి లెక్కను పట్టుకొని, కామా తర్వాత చెప్పినన్ని వరుసలు పూర్తయ్యేదాకా అలాంటి వరుసను పాఠంగానే పరిగణిస్తుంది. కామా తర్వాతి అంకె లేనిచోట ఒకే వరుస ఉందని గ్రహించడమూ ఈ ప్రశంసనీయమైన జాగ్రత్తలో భాగమే.