చిగుళ్ల లోతు కొలిపించుకోండి

ఈ వారం ఫోన్లలో తెగ తిరిగిన ఒక మెసేజ్ చాలా చిరాకు పెట్టింది. చిగుళ్ల జబ్బు ఉంటే గుండెపోటు ఖాయమట, ముసలితనంలో మతిమరుపూ దానివల్లేనట, ఆరు నెలలకోసారి పళ్లు క్లీనింగ్ చేయించుకుంటే ఆ రెండూ దరిచేరవట. ఈ శీర్షికను మొదట్నుంచీ చదువుతున్నవారికి నా పాత పట్టుదల తెలిసిందే: రెండు జబ్బులు ఒకే మనిషిలో కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని తెచ్చిందని తేల్చేయకూడదు. పొగతాగే మనిషికి చిగుళ్లూ చెడతాయి, గుండె రక్తనాళాలూ చెడతాయి. వయసు, పేదరికం కూడా రెండింటినీ కలిపే దెబ్బతీస్తాయి. ఒకటి రెండోదానికి కారణమని చెప్పాలంటే జబ్బున్నవారిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు చిగుళ్ల వైద్యం చేసి, మిగతా జబ్బు తగ్గిందో లేదో చూడాలి. అలా చూసినప్పుడు ఏం తేలింది? 2006లో అమెరికాలో 823 మంది గర్భిణులపై జరిగిన ప్రయోగంలో వైద్యం పొందినవారి చిగుళ్లు బాగుపడ్డాయి కానీ నెలలు నిండకుండా జరిగే కాన్పులు తగ్గలేదు. 2007లో లండన్‌లో 120 మందికి గట్టిగా వైద్యం చేస్తే ఆరు నెలలకు రక్తనాళాల పనితీరు మెరుగైంది. అది విలువైన ఫలితమే. అయినా గుండెపోట్లే తగ్గాయని నిరూపించిన పెద్ద ప్రయోగం ఇంతవరకూ లేదు. చిగుళ్లలోని బ్యాక్టీరియా ఎంజైములను అడ్డుకునే మందు ఆల్జీమర్స్ రోగుల మతిమరుపును నెమ్మదింపజేస్తుందేమోనని చూసిన ప్రయోగం 2021లో విఫలమైంది. పళ్లను పళ్ల కోసమే కాపాడుకోవాలి, గుండె పేరు చెప్పి భయపెట్టనక్కర్లేదు.

అసలు చిగుళ్ల జబ్బు గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఓపికగా చూసినవారి వల్ల తెలిసింది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హరాల్డ్ లో, ఆయన సహచరులు ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించారు. 10 నుంచి 21 రోజుల్లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టిన వారం పది రోజుల్లో వాపు పోయింది. పాచి పేరుకుంటే చిగుళ్లు వాస్తాయన్నది దాంతో ఖాయమైంది. వాచిన ప్రతి చిగురూ చివరికి పన్ను ఊడేదాకా పోతుందా అన్నది తర్వాతి ప్రశ్న. దానికి జవాబు శ్రీలంక తేయాకు తోటల్లో దొరికింది. పళ్ల వైద్యం ఎన్నడూ అందని, బ్రష్ అలవాటు లేని 480 మంది మగ కూలీలను 1970 నుంచి 15 ఏళ్ల పాటు పరీక్షిస్తూ వచ్చారు. అందరి నోళ్లలోనూ పాచి, గార దండిగా ఉన్నాయి, అందరి చిగుళ్లూ వాచే ఉన్నాయి. పుచ్చుపళ్లు మాత్రం దాదాపు లేవు కాబట్టి పళ్లు ఊడితే అది చిగుళ్ల జబ్బు వల్లే. వాళ్లలో 8 శాతం మందికి జబ్బు దూసుకుపోయి 45 ఏళ్లకల్లా నోరు బోసిపోయింది. 81 శాతం మందికి నెమ్మదిగా ముదిరి, ఆ వయసుకు సగటున ఏడు పళ్లు పోయాయి. మిగిలిన 11 శాతం మందికి వాపు దాటి జబ్బు ముందుకే పోలేదు. ప్రపంచమంతా దంత వైద్య విద్యార్థులు ఈ అంకెలు చదువుతారు. వైద్యం అందని పేద కూలీల నోళ్ల నుంచి వచ్చిన జ్ఞానమిదని, ఆ కూలీలకు ఆ చదువు రుణపడి ఉందని కూడా ఆ విద్యార్థులకు చెప్పాలి.

ఒకే పాచి, ఒకే గార, మూడు రకాల గతి. అంటే తేడా సూక్ష్మజీవుల లెక్కలో కాదు, వాటికి ఒళ్లు ఇచ్చే జవాబులో ఉంది. 2011లో జార్జ్ హజిషెంగాలిస్ బృందం ఎలుకల మీద చేసిన పరిశోధన ఇదే వైపు చూపింది. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా నోట్లోని మొత్తం బ్యాక్టీరియాలో అతి కొద్ది పాలు ఉన్నా సరే, రోగనిరోధక వ్యవస్థను తప్పుదారి పట్టించి, మామూలుగా హాని చేయని తోటి జీవులను పెంచి, దవడ ఎముకను కరిగించింది. తోటి జీవులే లేని ఎలుకల్లో మాత్రం అది ఒక్కటే ఉండి ఎముకను ఏమీ చేయలేకపోయింది. ఎముకను కొరికేది క్రిమి కాదు. క్రిమితో పోరాటం ఆపలేకపోతున్న మన కణాలే ఎముకను కరిగించే కణాలకు పని పురమాయిస్తాయి.

ఇక వైద్యం సంగతి. మనలో పయోరియా అనే పేరుతో తెలిసిన ఈ జబ్బు నొప్పి పెట్టకుండా ముదురుతుంది కాబట్టి దాన్ని కొలిచి పట్టుకోవాలి. మొన మొద్దుగా ఉన్న సన్నని కడ్డీ మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. దాన్ని పంటికీ చిగురుకూ మధ్య సందులోకి చాలా తేలిగ్గా దించుతారు, ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల. 3 మిల్లీమీటర్ల దాకా దిగితే మామూలే. 5, 6 దాకా దిగి, బయటికి తీయగానే రక్తం చెమర్చిందంటే అక్కడ చిగురు వేరును వదిలేసిందన్నమాట. బ్రష్ అంత లోతుకు వెళ్లదు. వేరు మీద గట్టిపడిన గారను లోపలి నుంచి గీకి తీయాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన మాట. వదులు చేసింది అంతకుముందే కరిగిపోయిన ఎముక. ఊగే పళ్లను గార ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. అది పోగానే ఊగడం బయటపడుతుంది, వాచిన చిగురు కుంచించుకుపోయి సందులు కనిపిస్తాయి, చల్లనీళ్లకు జివ్వుమంటుంది. ఈ సంగతి ముందే చెప్పని వైద్యుడిదే తప్పు, వైద్యానిది కాదు.

ఇంతదాకా చదివినవారు నోటికీ మిగతా ఒంటికీ సంబంధం అంటగట్టొద్దనే నా వాదన అనుకుంటారు. కానీ ఏ పరీక్ష పెట్టి గుండె మాటను పక్కన పెట్టామో అదే పరీక్షకు నిలబడిన జబ్బు ఒకటుంది, అది షుగర్. అరిజోనాలోని పీమా తెగ వారిలో జరిగిన అధ్యయనాలు షుగర్ ఉన్నవారికి చిగుళ్ల జబ్బు ముప్పు సుమారు మూడు రెట్లని చూపాయి. చిగుళ్లు బాగుచేస్తే షుగర్ తగ్గుతుందా అన్నదే తేలాల్సిన విషయం. 2013లో అమెరికాలో 514 మందితో జరిగిన ప్రయోగంలో ఆరు నెలలకూ హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ కొలత) తగ్గలేదు, ప్రయోజనం లేదని ప్రయోగాన్ని ముందే ఆపేశారు. అక్కడితో కథ ముగిసిందన్నారు చాలామంది. అయితే వైద్యం పొందిన జట్టులో ఆరు నెలల తర్వాత కూడా పంటి ఉపరితలాల్లో 70 శాతానికి పైగా పాచి ఉంది, 40 శాతానికి పైగా చోట్ల రక్తం వస్తూనే ఉంది. ఇది ఓడాక చెప్పే సాకు కాదా అని అడగవచ్చు. అడగాలి కూడా. దానికి జవాబు మరో ప్రయోగమే చెప్పాలి, 2018లో లండన్ నుంచి అది వచ్చింది. 264 మందిలో సగం మందికి వేర్ల దాకా శుభ్రం చేసి, అవసరమైన చోట శస్త్రచికిత్స చేసి, మూడు నెలలకోసారి మళ్లీ చూశారు. మిగతా సగానికి అన్నిసార్లూ పైపై క్లీనింగ్ చేశారు. ఏడాదికి రెండు జట్ల హెచ్‌బీఏ1సీ మధ్య 0.6 శాతం పాయింట్ల తేడా వచ్చింది. షుగర్‌కు రెండో మాత్రగా ఇచ్చే కొన్ని మందులతో తగ్గేది ఇంచుమించు అంతే. 2022లో 35 ప్రయోగాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష కూడా మూడు నాలుగు నెలలకు 0.43, ఆరు నెలలకు 0.30 తగ్గుదల ఉందని చెప్పింది. ఏడాది దాకా చూసిన ప్రయోగం అందులో ఒక్కటే ఉందన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా ఆ ఫలితం తక్కిన వాటికి ఎదురు నడవలేదు, శ్రీలంక నుంచి ఎలుకల దాకా తెలిసిన జీవశాస్త్రానికీ అది సరిపోతోంది.

అందుకే నా అభ్యంతరం ఇప్పుడు ఆ మెసేజ్‌లో చెప్పిన వైద్యం మీదికి మళ్లింది. లండన్‌లో పైపై క్లీనింగ్ పొందిన జట్టుకు ఆ మేలు దక్కలేదు. 2023 నాటి ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. వాళ్లకు కళ్లు, పాదాలు చూసే డాక్టర్లు ఉమ్మితే రక్తం పడుతోందా అని కూడా అడగాలి. పొగతాగేవారి చిగుళ్ల నుంచి జబ్బున్నా రక్తం తక్కువగా వస్తుంది కాబట్టి వాళ్లను ప్రశ్నతో వదిలేయకుండా డెంటిస్టు దగ్గరికి పంపాలి. షుగర్ ఉన్న పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈసారి డెంటిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు క్లీనింగ్ చేయమనడానికి ముందు చిగుళ్ల లోతులు కొలిచి కాగితం మీద రాసివ్వమనండి. వైద్యం అయిన మూడు నెలలకు అదే కాగితం పట్టుకెళ్లి మళ్లీ కొలిపించండి.