లాంతరు వెలుగులో నేర్చిన గీత

బొమ్మలేసేవాళ్లలో రంగుల మనుషులు వేరు, గీతల మనుషులు వేరు. నేను రెండో జాతి. ఇంకు పెన్నుతో సన్నటి గీతలు గీసి, వాటి మీద ఏటవాలుగా మరో వరస గీస్తూ పోతే కాగితం మీద నెమ్మదిగా నీడ పడుతుంది. చెయ్యి కాస్త తొందరపడితే నీడ బదులు మసి మిగులుతుంది. ఈ పనిలో బెంగాలీ చిత్రకారుడు జోగెన్ చౌధురిని మించినవారు మన దేశంలో నాకు కనబడలేదు. మన తెలుగు చిత్రకారుడు లక్ష్మాగౌడ్ అభిమానులు కోప్పడతారని తెలుసు, ఆ తగువు మరో వారం పెట్టుకుందాం.

చౌధురి 1939లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఫరీద్‌పూర్ జిల్లాలో జమీందారీ కుటుంబంలో పుట్టారు. ఇంట్లో అమ్మ ఆల్పన ముగ్గులు వేసేది, నాన్నకూ బొమ్మల పిచ్చి ఉండేది. దేశవిభజనతో ఆ జిల్లా సరిహద్దుకు అవతల పడింది. కుటుంబం కలకత్తా చేరింది, కొన్నేళ్లకు ఢాకురియాలో శరణార్థుల కాలనీకి మారింది. ఇంటికి కరెంటు లేదు. పగలు ఆర్ట్ కాలేజీ, చీకటి పడ్డాక లాంతరు ముందు ఇంటివాళ్ల బొమ్మలు. లాంతరు దగ్గర కూర్చుని రంగు కలిపి చూడండి. పసుపు తెల్లగా, నీలం నల్లగా కనబడి మోసం చేస్తాయి. చీకటెక్కడ, వెలుగెక్కడ అన్నదే నమ్మకంగా తెలుస్తుంది. ఆయన పేరుపొందిన బొమ్మల్లో చాలావాటికి వెనక నలుపు తప్ప గోడ, చెట్టు, వీధి ఏదీ ఉండదు. ఆ నలుపు ఆ రాత్రుల నుంచి వచ్చిందంటే నమ్ముతాను.

కష్టాలే ఆయన్ని చిత్రకారుణ్ణి చేశాయంటే మాత్రం ఒప్పుకోను. లాంతర్లు కాలనీలో ఇంటింటికీ ఉన్నాయి. ఈయన 1955 నుంచి ఐదేళ్లు ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలో చదువుకున్నారు. కలకత్తా సియాల్దా స్టేషన్‌లో తలదాచుకున్న కాందిశీకులను చూసి గీశారు. తర్వాత బడిలో డ్రాయింగ్ మాస్టారు. 1965లో ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద పారిస్. తిరిగొచ్చాక మద్రాసులో చేనేత డిజైనరు ఉద్యోగం. 1972 నుంచి రాష్ట్రపతి భవన్‌లో చిత్రాల సేకరణకు క్యూరేటర్. 1987లో శాంతినికేతన్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్లారు. చిత్రకారుల జీవితకథల్లో జీతాల సంగతి ఎవరూ రాయరు. బియ్యానికి వెతుక్కోనక్కర్లేని సాయంత్రాలు లేకపోతే ఇంత ఓపికైన గీత సాగదు.

మద్రాసు రోజుల దగ్గర నేను కాసేపు ఆగుతాను. ఆయన తనదైన పద్ధతికి కుదురుకున్నది ఆ కాలంలోనే. పగలంతా పడుగూ పేకా చూసిన కళ్లు రాత్రి కాగితం మీద అడ్డగీతలు అల్లితే ఆశ్చర్యమేముంది? ఇది నా ఊహే, రుజువులడగొద్దు. ఇంకు గీతల అల్లిక, మీద పొడి పాస్టెల్ పూత. ఈ రెండింటితో చర్మం వదులై జారినట్టు కనబడుతుంది.

తర్వాతి బొమ్మల్లో శరణార్థుల గుంపులు కనబడవు. ఒంటరి మనిషో, జంటో, ఉబ్బిన ఒళ్లతో, చుట్టూ చోటనేదే లేకుండా. రాజధానిలో కొలువు చేస్తూ బలిసిన నాయకుల బొజ్జల్ని గీశారు. సియాల్దాలో డొక్కలెండిన మనుషులకు దొరికిన శ్రద్ధే ఈ బొజ్జలకూ దొరికింది, ఒక్క మడతా తప్పించలేదు. వెక్కిరింపు కూడా ఉంది, కానీ అది కార్టూనిస్టుది కాదు. అంతసేపు ఒక పొట్టను గీతగీతగా కట్టుకుంటూ పోతే దాని మీద పూర్తిగా కోపం నిలవదనుకుంటాను.