చేయి మారినా ఆగని పని

నిడమనూరు, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఒక సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. కాలువ తవ్వించినవాళ్ల పేరు శిలాఫలకం మీద ఉంటుంది. పంట కాల్వల్లో ఏటా పూడిక తీసేవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. చివరి మడికి నీళ్లు అందాలంటే మాత్రం ఈ రెండోవాళ్లే కావాలి. కోడును ఎవరైనా చూసి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే కథ. అక్కడ జీతం లేకుండా పనిచేసే డెవలపర్‌ను మనం దాత అని మెచ్చుకుని ఊరుకుంటాం. ఆ మెప్పులో అసలు విషయం జారిపోతుంది. డబ్బు తీసుకోకపోవడం ఇందులో చిన్న సంగతి. ఒకరు మొదలుపెట్టిన పనిని ముఖపరిచయం కూడా లేని మరొకరు అందుకునేలా అక్కడ కుదిరిన పద్ధతులే ఈ సంప్రదాయానికి అసలు బలం. తెలుగు కంప్యూటర్ చరిత్రలోనే దీనికి సాక్ష్యాలున్నాయి.

2000 దశకం మొదట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటుతో నడిచేవి. ఒకదాని ఫాంటు ఇంకోదానికి పనికొచ్చేది కాదు. పేజీలో మాట వెతకడం కుదిరేది కాదు, కాపీ చేస్తే పిచ్చి గీతలు వచ్చేవి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా ఆ పత్రికలు దాని దరిదాపులకు రాలేదు. ఆ రాతలన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి చూపించే ఫైర్‌ఫాక్స్ పొడిగింత ‘పద్మ’ను వెన్న నాగార్జున రాశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిందీ ఆయనే. అయితే చోటు తయారైనంత మాత్రాన రాసేవాళ్లు రారు కదా, తెలుగు టైపింగు రానివాళ్ల మాటేమిటి? 2006లో వీవెన్ తెచ్చిన ‘లేఖిని’ ఆ చిక్కు విడదీసింది. ఇంగ్లిషు కీలు నొక్కుతుంటే బ్రౌజర్లోనే తెలుగు పడుతుంది. ఆ మార్పిడి వెనక ఉన్నది పద్మ కోడే. మొదటివారు కోడు దాచుకుని ఉంటే రెండోవారు అదే కష్టం మళ్లీ మొదటినుంచి పడాల్సి వచ్చేది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్ల కథా ఇలాంటిదే. ఎవరైనా మార్చి పంచుకునే వీలిచ్చే జీపీఎల్ లైసెన్సుతో వచ్చాయి కాబట్టే అవి డెబియన్ లినక్స్ ప్యాకేజీల్లో చేరాయి, ఆయన్ను ఎన్నడూ చూడనివాళ్లు వాటిని సంరక్షిస్తూ వచ్చారు.

ఈ చేయి మార్పు దానంతట అది జరగదు, దానికి చాలా క్రమశిక్షణ కావాలి. కోడులో చేసే మార్పు, అంటే ప్యాచ్, ఎంత చిన్నదైతే అంత మంచిది. రెండు వేల పంక్తుల ప్యాచ్ పంపిస్తే చదివే నాథుడుండడు. ఏం మార్చారో కోడే చెబుతుంది, ఎందుకు మార్చారో కమిట్ సందేశంలో రాయాలి. ఆరేళ్ల తర్వాత బగ్ వెతుకుతూ వచ్చేవాడికి ఆ నాలుగు వాక్యాలే దిక్కు. అనువాదంలోనూ అంతే. ‘ఇన్ని ఫైళ్లను ఫలానా ఫోల్డరులోకి కాపీ చేస్తోంది’ అనే సందేశాన్ని చూడండి. ఇంగ్లిషులో ఫైళ్ల సంఖ్య ముందు, ఫోల్డరు పేరు వెనక వస్తాయి. మన వాక్యంలో ఫోల్డరు ముందుకొస్తే సొంపుగా ఉంటుంది. కానీ సంఖ్యకు ‘%d’, పేరుకు ‘%s’ అని ఉన్న గుర్తులను ఊరికే అటూ ఇటూ మారిస్తే ప్రోగ్రాము, పేరు ఉండాల్సిన చోట సంఖ్యను చదివి కుప్పకూలవచ్చు. ఏది ఎన్నోదో ‘%2$s’, ‘%1$d’ అని వరస అంకె వేసి చెప్పాలి. మూలంలో మాట మారితే, అనువాదాలను నడిపే గెట్‌టెక్స్ట్ పాత అనువాదాన్ని ‘ఫజీ’ అని గుర్తుపెట్టి, మనిషి చూసి సరేననేదాకా తెర మీదికి రానివ్వదు. లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ ఆరు నెలలకోసారి కొత్త విడుదల తెస్తుంది. అంతకు కొన్ని వారాల ముందే సందేశాలు మార్చడం ఆపేస్తారు. అనువాదకుల రాత్రి పని అంతా ఆ వ్యవధిలోనే. బయటివాళ్లకు సాహసంలా కనిపించే ఈ జీవితం, నిజానికి సగం ఇలాంటి గుమాస్తా పనే.

ఈ బాధ అంతా ఎందుకు, పెద్ద కంపెనీలు బాగానే చేసిపెడుతున్నాయి కదా అంటారు. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుచేయాలి. ‘జ్ఞా’ అనే అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తుతో సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో ఆ యాప్ పడిపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసేదాకా తెలుగు అక్షరం ప్రపంచానికి ఒక ఆకతాయి ఆయుధం. తెలుగు క్షుణ్ణంగా తెలిసిన ప్రోగ్రామర్ పక్కనే ఉన్నా లోపల ఏం తప్పిందో చూసే వీల్లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి తప్పులు రావని కాదు, ధారాళంగా వస్తాయి. కానీ ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్‌లలో మన ఒత్తులను, గుణింతాలను కూర్చే హార్ఫ్‌బజ్ కోడు అందరి ముందూ ఉంది. దాని పరీక్షలూ బహిరంగమే. ఒత్తు తప్పిన అక్షరాన్ని కోదాడ విద్యార్థి అయినా అక్కడ చూపించి సరిచేయమనవచ్చు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. కోట్లు గడించే సంస్థలు ఊరికే వచ్చిన శ్రమ మీద బతుకుతున్నాయన్నది. అది నిజం. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డాక తెలిసింది, ఇంటర్నెట్ లావాదేవీలను కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఏడాదికి వస్తున్న విరాళాలు దాదాపు రెండు వేల డాలర్లని. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రాజెక్టులో 2024లో బయటపడిన వ్యవహారం ఇంకా చేదు, ఎందుకంటే అది నేను మెచ్చుకుంటున్న చేయి మార్పు మీదే దెబ్బ కొట్టింది. ఆ చిన్న ప్రాజెక్టును మోస్తున్న స్వచ్ఛంద సంరక్షకుడు అలసిపోయి ఉన్నాడు. త్వరగా పనులు కావాలని కొన్ని ఖాతాలు ఆయన్ను సతాయించాయి. ‘జియా టాన్’ పేరుతో వచ్చినవాడు రెండేళ్లకు పైగా మంచి ప్యాచ్‌లు పంపి నమ్మకం సంపాదించి, తాళాలు చేతికొచ్చాక దొడ్డిదారి పెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి మార్చి 29న గుట్టు రట్టయింది. కోడు తెరిచి ఉండడం వల్లే ఆయన మూలందాకా వెళ్లగలిగాడు, నిజమే. అయినా దీన్ని గెలుపుగా చెప్పుకోవడం నాకు సబబనిపించదు. పని అందుకోవడానికి నలుగురు ముందుకొచ్చి ఉంటే ఆ ఒక్కడికి అంత చనువు దొరికేది కాదు. స్వచ్ఛంద శ్రమను పద్ధతులు నిలబెట్టగలవు గానీ, మనుషుల కొరతను అవి పూడ్చలేవు.

మనుషులు లేరా అంటే, మన దగ్గర ఉన్నారు. 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ ఉద్యమం ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులతో తెలుగు గ్నూ/లినక్స్ తెచ్చింది, ఈమధ్య తెలుగు కథల ఏఐ నమూనాకు పాఠ్యం పోగుచేయించింది. ఉత్సాహానికి కొదవ లేదు, అది పారే దిక్కే తేడా. 2020 అక్టోబరులో, ప్యాచ్‌లు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ కోసం ప్రపంచమంతటి నుంచి పనికిరాని ప్యాచ్‌లు వెల్లువెత్తితే నిర్వాహకులు నెల మొదటి వారంలోనే నిబంధనలు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ వెల్లువలో మన దేశపు వాటా తక్కువేం కాదు. సూర్యాపేట, కోదాడ కాలేజీల్లోనూ, హైదరాబాద్ కాలేజీల్లోనూ ఆఖరి ఏడాది ప్రాజెక్టు వైవా అయిన మర్నాడే మూలన పడుతుంది, తర్వాతి బ్యాచ్ మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. కొత్త ప్రాజెక్టుకు బదులు, ఇప్పటికే నడుస్తున్న ఒక తెలుగు ఫాంటునో కీబోర్డునో అనువాదాన్నో ఏడాదిపాటు సంరక్షించి, వివరాలన్నీ రాసిపెట్టి జూనియర్లకు అప్పగించినా అవే మార్కులు వేయడానికి విశ్వవిద్యాలయాలకు అడ్డేమీ లేదు. మార్కులు ఆశించి చేసేది స్వచ్ఛందం ఎలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. మొదటి ఏడాది అది స్వచ్ఛందం కాదు, నిజమే. డిగ్రీ చేతికొచ్చాక కూడా బగ్ రిపోర్టులకు జవాబిస్తున్నవాళ్లు ఎందరున్నారో చూస్తే లెక్క తేలుతుంది.