అనంతగిరి మలుపులో ఏ సెట్ పలుకుతుంది?

2022 మార్చి 4న వికారాబాద్ దగ్గర గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టాల మీద రెండు రైలింజన్లు పెట్టారు. వెనక ఇంజన్‌లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఎక్కారు. ముందున్న ఇంజన్ ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే బండి దానంతటదే ఆగిపోయింది. ఆపింది రైళ్లు ఢీకొనకుండా కాచే కవచ్ వ్యవస్థ. దాని నోరూ చెవీ రెండూ రేడియోనే. స్టేషన్‌లోని పరికరం, ఇంజన్‌లోని పరికరం యూహెచ్ఎఫ్ తరంగాల మీద అదేపనిగా సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి. దేశంలో కవచ్ ఓనమాలు దిద్దుకున్నది కూడా లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ లైన్ల మీదే.

ఇప్పుడు పట్టాలు దిగి రోడ్డెక్కుదాం. మన జిల్లాల్లో పోలీసు జీపుల్లో దశాబ్దాలుగా మోగుతున్న సెట్ మరో తరానిది. వీహెచ్ఎఫ్, ఎనలాగ్, మీట నొక్కితే మాట, వదిలితే గరగర. కొత్త రేడియో మీద మోజు పడ్డవాళ్లు కవచ్ లాంటి అద్భుతాన్ని చూపించి ఈ పాత సెట్‌ను తుక్కులో వేయమంటారు. ఆ పోలికే తప్పు. కవచ్ మోసేది అంకెలు. జీపులో సెట్ మోసేది మనిషి గొంతు, ఆ గొంతులోని కంగారుతో సహా. యంత్రం యంత్రంతో మాట్లాడేందుకు పనికొచ్చిందల్లా కానిస్టేబుల్‌కు పనికొస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పాతదా, కొత్తదా అన్న ప్రశ్న ఏ జిల్లాకైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వికారాబాద్, తాండూరుల నేల మీద నిలబెట్టి చూస్తే అది తేటగా కనిపిస్తుంది. రెండు పట్టణాల మధ్య నలభై కిలోమీటర్ల దూరం, నేల స్వభావంలో మాత్రం చాలా తేడా. వికారాబాద్ పక్కన అనంతగిరి అడవి, గుట్టలు, మూసీ పుట్టిన చోటు, మలుపుల ఘాట్ రోడ్డు. తాండూరు వైపు వెళ్తే కంది చేలు, కాగ్నా వాగు, వాటి మధ్య నాపరాయి గనులు. గుట్ట రేడియోకు అడ్డుగోడ, గని రేడియోకు గొయ్యి. వీహెచ్ఎఫ్ తరంగం పొడవు సుమారు రెండు మీటర్లు. అది గుట్ట అంచు మీదుగా కాస్త వంగి అవతలికి జారగలదు. మొబైల్ 4జీ వాడే 1800 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు జానెడు కూడా ఉండదు. కొండ అడ్డొస్తే దాని నీడలో మాట అందదు. ఈ కొలత మాటెత్తితే ఇదే జిల్లాలోని దామగుండం గుర్తుకు రాక మానదు. అడవి పోతుందన్న నిరసనల నడుమ 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన ఆ నౌకాదళ కేంద్రం అతి తక్కువ ఫ్రీక్వెన్సీ వాడుతుంది. తరంగం పొడవు కిలోమీటర్లలో ఉంటుంది కాబట్టే సముద్రపు నీటిలోకి కొంత లోతు దిగి జలాంతర్గామిని చేరుతుంది. ఏ ఫ్రీక్వెన్సీ వాడాలో తేల్చేది మాట చేరాల్సిన చోటు. సెట్ వయసుతో పనిలేదు.

శబ్దం విషయంలో పాత, కొత్త సెట్ల గుణాలు పూర్తిగా విడిపోతాయి. ఎనలాగ్ సెట్ దూరం పెరిగేకొద్దీ కొద్దికొద్దిగా చెడుతుంది. ముందు గరగర, తర్వాత సగం మాట, ఆ తర్వాత ఊరి పేరొక్కటే. ఏళ్ల తరబడి విన్న కంట్రోల్ రూమ్ ఆపరేటర్ ఆ ఒక్క పేరు పట్టుకుని బండి పంపగలడు. డిజిటల్ సెట్ హద్దు దాకా స్ఫటికంలా పలుకుతుంది, హద్దు దాటగానే మూగబోతుంది. తనను అవతల ఎవరూ వినడం లేదన్న సంగతి కూడా మాట్లాడేవాడికి వెంటనే తెలియకపోవచ్చు.

ఇంకో చిక్కుంది. డిజిటల్ సెట్ గొంతును ఉన్నదున్నట్టు పంపదు. మనిషి గొంతు ఎలా ఉంటుందో దానికి ఒక నమూనా నేర్పి ఉంటారు. ఆ నమూనాకు సరిపోయే అంకెలుగా మార్చి పంపుతుంది. వెనక పెద్ద రొద ఉంటే రొదనే గొంతనుకుని తికమకపడుతుంది. అమెరికాలో అగ్నిమాపక అధికారుల సంఘం 2008లో దీన్ని ప్రత్యేకంగా పరిశీలించింది, ఎందుకంటే రంపాలు, అలారాల మోత మధ్య తమవాళ్ల మాటలు అర్థం కావడం లేదు. రంపాల మోత అంటే తాండూరుకు ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. నాపరాయి కోసే, పాలిష్ పట్టే యూనిట్ పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినవారందరికీ తెలుసు. ఇప్పటి సెట్లు ఆ రొదను తగ్గించడంలో చాలా మెరుగుపడ్డాయి, నిజమే. ఎంత మెరుగుపడ్డాయో కంపెనీ కరపత్రం చూసి నమ్మొద్దు, ఆ యూనిట్ గేటు దగ్గరే విని తేల్చుకోవాలి.

న్యూయార్క్ అగ్నిమాపక దళం కథ ఇక్కడ రెండు వైపులా కోస్తుంది. 2001 మార్చిలో కొత్త డిజిటల్ సెట్లు చేతికిచ్చారు. కొద్ది రోజుల్లోనే క్వీన్స్‌లో ఒక ఇంట్లో చిక్కుకున్న ఫైర్‌మన్ కేక పక్కనున్నవాళ్లకు అందలేదు. సెట్లన్నీ వెనక్కి తీసుకుని పాత ఎనలాగ్ సెట్లే తిరిగిచ్చారు. ఆరు నెలలకు సెప్టెంబరు 11 వచ్చింది. ఆ పాత సెట్లతో వాళ్లు ట్రేడ్ సెంటర్ మెట్లెక్కారు. బయటికి రమ్మన్న పిలుపు చాలామందికి వినపడలేదు. 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. భవనంలో మాటను పైకి మోయడానికి పెట్టిన రిపీటర్ ఉంది. దాన్ని వాడే రెండో మీట నొక్కకపోవడంతో అది పనిచేయడం లేదని అధికారులు పక్కనపెట్టారని ఆ దేశపు విచారణ కమిషన్ తేల్చింది. పాత సెట్టే మంచిదని వాదించేవాళ్లు మార్చి కథ చెప్పి ఊరుకుంటారు, కొత్తది అమ్మేవాళ్లు సెప్టెంబరు కథ చెప్పి ఊరుకుంటారు.

పాత సెట్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చేది వేరొకటి: ఒకరు మాట్లాడితే ఆ ఛానల్ మీద ఉన్న అందరూ వింటారు. యాలాల పోలీసు స్టేషన్ చెప్పింది పెద్దేముల్ జీపు వింటుంది. తనను పిలవకపోయినా బండి తిప్పుతుంది. ఫోన్‌లో ఈ సుఖం లేదు. డిజిటల్‌లో గుంపులుగా విడగొట్టవచ్చు, ఒకరితోనే రహస్యంగా మాట్లాడవచ్చు; అవసరమే, కానీ గుంపులు పెరిగేకొద్దీ పక్కవాడికి ఏమైందో తెలియని చెవిటితనం కూడా పెరుగుతుంది. అలాగని పాత పద్ధతికి దండం పెట్టనక్కర్లేదు. ఒకేసారి ఇద్దరు మీట నొక్కితే ఇద్దరి మాటా గల్లంతు. మాట్లాడుతున్నది ఎవరో గొంతును బట్టి పోల్చుకోవాలి. సెట్ కాన్ఫరెన్స్ అని పొద్దున్నే పెద్దసారు మొదలుపెడితే ఆ ఛానల్ ఆయన సొంతం; ఆ అరగంటలో యాక్సిడెంట్ జరిగితే చెప్పేవాడు సందు కోసం కాచుకోవాలి. డీఎంఆర్ రకం డిజిటల్ సెట్ ఇక్కడ నిజంగా గెలుస్తుంది. 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌ను కాలంలో రెండు ముక్కలు చేసి, అదే రిపీటర్ మీద రెండు సంభాషణలు నడుపుతుంది. ఒకదాంట్లో కాన్ఫరెన్స్ సాగనివ్వండి, రెండోది ఆపదకు వదలండి. పైగా మీట నొక్కినవాడి నంబరు కనిపిస్తుంది, జీపు ఎక్కడుందో మ్యాపు మీద తెలుస్తుంది. ఒంటరిగా రాత్రి గస్తీలో ఉన్నవాడికి ఆపదలో నొక్కే ఎర్ర మీట ఒకటి ఉంటుంది.

టెట్రా అనే మరో డిజిటల్ రేడియో పద్ధతి సంగతి క్లుప్తంగానే చెప్పాలి. ఢిల్లీ మెట్రోకు, 2010 కామన్వెల్త్ క్రీడల నాటి ఢిల్లీకి అది తగింది: చిన్న విస్తీర్ణం, వేల మంది వాడకందార్లు. పల్లెలు పలచగా పరుచుకున్న జిల్లాకు అన్ని టవర్లు కట్టడం డబ్బు దండగ. రహస్యం కోసమైనా కొందామంటే, టెట్రాలోని ఒక సంకేత పద్ధతి తాళం పైకి 80 బిట్లు, లోపల 32 బిట్లంత బలహీనమని 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు బయటపెట్టారు.

మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచే యాప్‌ల ఆకర్షణ వేరు. టవర్లు ఎవరో కట్టారు, ఫోన్ జేబులో ఉంది, ఫొటో కూడా పంపొచ్చు. తెలంగాణ పోలీసులకు టీఎస్‌కాప్ యాప్ చేసిన మేలు కాదనలేనిది. అయితే ఆపదలో పరాయి టవర్ మీద ఎంత ఆనుకోవచ్చో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ చూసింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబురందించిన వారిలో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం ఉంది. వాళ్ల దగ్గరున్నది షార్ట్‌వేవ్ సెట్, దాని యాంటెన్నా. ధనిక దేశం బ్రిటన్ కూడా తన టెట్రా నెట్‌వర్క్‌ను తీసేసి 4జీకి మారతానని 2015లో బయల్దేరి, గడువు మీద గడువు పెంచుకుంటూ ఇంకా పాతదాన్నే నడుపుకుంటోంది. తాండూరుకు మరో తలనొప్పి ఉంది: బషీరాబాద్ దాటితే కర్ణాటక. సరిహద్దులో ఫోన్ అవతలి టవర్‌ను పట్టుకుంటే 112 కాల్ అవతలి రాష్ట్రం కేంద్రానికి వెళ్లే అవకాశం ఉంది.

ఇంతా చేసి, ఈ చర్చంతా పోలీసు జీపు చుట్టూనే తిరుగుతోంది. 2025 నవంబరు 3 తెల్లవారుజామున తాండూరు నుంచి బయల్దేరిన ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొట్టింది. ప్రయాణికులు తాండూరు వైపువాళ్లు, ప్రమాద స్థలం చేవెళ్ల మండలం, అంటే పక్క జిల్లా. అలాంటి చోటికి పోలీసులు, అంబులెన్సులు, ఫైరింజన్లు, క్రేన్లు వేర్వేరు పిలుపుల మీద చేరతాయి. ఒకరి మాట ఇంకొకరికి నేరుగా వినపడే ఏర్పాటు లేకపోతే, ప్రతి ఒక్కరి దగ్గరా ఖరీదైన సెట్ ఉన్నా ఎవరి గోల వారిదే.

అందుకని నా తీర్పు ఇది. గొంతు కోసం వీహెచ్ఎఫ్‌ను వదలొద్దు. పాత సెట్లు పాడైన చోట ఎనలాగ్‌గానూ డిజిటల్‌గానూ పనిచేసే డీఎంఆర్ సెట్లు కొని, అనంతగిరి మీద రిపీటర్‌కు సౌరఫలకం, గట్టి బ్యాటరీ పెట్టాలి. మ్యాపు, ఫొటో, వాహనం జాడ లాంటి అంకెల పని మొబైల్‌కు వదలొచ్చు. టెండర్ ఖరారు చేసేముందు సెట్లను ఎస్పీ ఆఫీసు మేడ మీద పరీక్షించి సంతకం పెట్టకూడదు. వానాకాలం రాత్రి ఘాట్ రోడ్డు మలుపులో, మిషన్లు తిరుగుతున్న గని అడుగున, బషీరాబాద్ పొలిమేరలో మాట్లాడించాలి, వినేది ఇంజనీరు కాక రోజూ సెట్ దగ్గర కూర్చునే ఆపరేటర్ కావాలి. ఒక ఎనలాగ్ ఛానల్‌ను పోలీసు, ఫైర్, 108 ముగ్గురికీ ఉమ్మడిగా కేటాయించి, పక్క జిల్లాకూ అదే ఇవ్వాలి. దీనికి కొత్త టవర్ అక్కర్లేదు. కావలసింది ఢిల్లీ నుంచి ఒక ఫ్రీక్వెన్సీ అనుమతి, మూడు శాఖల అధికారులు ఒకే కాగితం మీద పెట్టే సంతకాలు. ఈ రెండింటిలో ఆలస్యమయ్యేది రెండోదేనని నా అనుమానం.