గొంతుకు తగ్గ జోడీ

కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఈ చివరి నేల పాటకు పుట్టిల్లు. మొవ్వ క్షేత్రయ్య పదాలు, కూచిపూడి భాగవతుల దరువులు ఇక్కడివే. దివిసీమలో పెదకళ్ళేపల్లి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారి దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు నేర్చుకున్నారు. పంతులు గారి దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణ నేర్చుకున్నారు. తాతగారి పేరే పెట్టుకున్న మనవడు సుసర్ల దక్షిణామూర్తి 1963లో 'నర్తనశాల'కు సంగీతం కట్టి, ఆ బాలమురళి చేతనే పాడించారు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంత ఆస్తి రికార్డుల్లో భద్రంగా ఉంది. దాన్ని చెవి దాకా చేర్చే చివరి మూడడుగుల దారిలోనే పాడు చేసుకుంటున్నాం. ఆ దారి పేరు హెడ్‌ఫోన్, దాన్ని నడిపే ఆంప్లిఫయర్, అంకెల్ని నాదంగా మార్చే డ్యాక్. ఈ మూడూ ఒకదానికొకటి కుదరాలి. తంబురా శ్రుతి కలవనిదే గాయకుడు గొంతు ఎత్తడు. శ్రోత కూడా తన పరికరాలకు శ్రుతి కలుపుకోవాలి. ఖరీదు కాదు, జోడీ ముఖ్యం.

ముందు డ్యాక్ సంగతి. 1982లో వచ్చిన సీడీ పాటను సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతకు 65,536 మెట్లు. ఆ అంకెల నుంచి నునుపైన విద్యుత్ తరంగాన్ని తిరిగి అల్లడమే డ్యాక్ పని. డిజిటల్ ధ్వని మెట్లు మెట్లుగా, గరుకుగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు. సరిగ్గా కట్టిన డ్యాక్ నుంచి బయటికొచ్చే తరంగంలో మెట్లుండవు, గమకం గమకంలాగే జారుతుంది. ఇవాళ మధ్యరకం ధరలో దొరికే డ్యాక్‌లు కూడా ఈ పనిని మనిషి చెవి తప్పుపట్టలేనంత బాగా చేస్తున్నాయి. అందుకే డబ్బంతా డ్యాక్ మీద పోయడం తెలివి కాదు. మొదటి రూపాయి హెడ్‌ఫోన్‌కు, రెండోది దానికి తగ్గ ఆంప్‌కు, మిగిలింది డ్యాక్‌కు. ఈ వరస తిరగబడిన చోట పాట నష్టపోతుంది.

అసలు విద్య ఆంప్‌నూ హెడ్‌ఫోన్‌నూ కలపడంలో ఉంది. హెడ్‌ఫోన్ విద్యుత్తుకు చూపే అడ్డంకిని ఇంపెడెన్స్ అంటారు, ఓంలలో కొలుస్తారు. చాలా హెడ్‌ఫోన్లలో ఇది అన్ని స్వరాలకూ ఒకేలా ఉండదు. ఒక హెడ్‌ఫోన్ మధ్య స్వరాల దగ్గర 32 ఓంలు, మంద్రంలో 64 ఓంలు చూపిందనుకుందాం. ఆంప్ అవుట్‌పుట్ దగ్గర కూడా 32 ఓంల అడ్డంకి ఉంటే, మంద్రం మిగతా స్వరాల కంటే దాదాపు 2.5 డెసిబెళ్లు ఉబ్బుతుంది. మృదంగం తొప్పి గొంతు మీద దుప్పటి కప్పినట్టు అవుతుంది. అదే ఆంప్ అడ్డంకి ఒక్క ఓమే అయితే తేడా 0.13 డెసిబెళ్లకు పడిపోతుంది, చెవికి తెలియదు. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించి ఆంప్ అడ్డంకి ఉండకూడదనే సూత్రం ఈ లెక్క నుంచే వచ్చింది. ఇక రెండో కొలత బలం. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 600 ఇంపెడెన్స్ 300 ఓంలు. అంత అడ్డంకిని నిండుగా పలికించాలంటే వోల్టులు కావాలి. ఫోన్‌కు తగిలించే, ఒక్క వోల్టే ఇవ్వగల చిన్న డాంగిల్‌తో, తక్కువ స్థాయిలో రికార్డయిన పాత ఆలాపన పీలగా వినిపిస్తుంది. నాలుగు వోల్టులిచ్చే బల్లమీది ఆంప్ మరో 12 డెసిబెళ్ల చోటిస్తుంది. ఆ చోటు హోరెత్తించడానికి కాదు, ఆలాపన శిఖరానికి చేరినప్పుడు గొంతు నలగకుండా ఉండటానికి.

ఈ విద్యలో మహానుభావుల్ని తలుచుకోకుండా ఉండలేం. 1937లో బెర్లిన్‌లో బేయర్ సంస్థ డీటీ 48తో డైనమిక్ హెడ్‌ఫోన్‌కు దారి వేసింది. 1958లో జాన్ కాస్ తెచ్చిన స్టీరియో హెడ్‌ఫోన్ ఇంటింటి వస్తువు అయింది. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డి 414 వెనుక మూత తీసేసి చెవికి గాలి ఆడనిచ్చింది. హెచ్‌డి 600 చెవి మెత్తలు అరిగితే కొత్తవి వేసుకోవచ్చు, తీగ తెగితే మార్చుకోవచ్చు. పాతికేళ్లు దాటినా గొంతు విషయంలో దానికి సాటి వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. 2011లో తన అసలు పేరు చెప్పకుండా ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో ఒక ఇంజనీరు ఆబ్జెక్టివ్2 అనే ఆంప్ నమూనాను కొలతలతో సహా లోకానికి ఉచితంగా పంచిపెట్టాడు. తక్కువ ఖర్చుతో మచ్చలేని ఆంప్ కట్టవచ్చని నిరూపించి, మరుసటి ఏడాదికే మౌనంలోకి వెళ్లిపోయాడు. సూత్రం గుట్టుగా దాచుకోని గురువుకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇంత హంగు పాత మోనో పాటలకు ఎందుకని అడిగేవారున్నారు. 'పాతాళభైరవి' సినిమా నాటి రికార్డుల్లో పై స్వరాలు అంతంత మాత్రం, గరగర ఎక్కువ అంటారు. ఆ మాట నిజమే. కానీ ఆ రికార్డుల్లో నిండుగా మిగిలింది గొంతే. మంచి హెడ్‌ఫోన్‌కు గీటురాయి కూడా గొంతే. ఘంటసాల పద్యం ఎత్తుకునే ముందు తీసే ఊపిరి, పాదం చివర రాగాన్ని సాగదీసి వదిలే తీరు, శ, ష, సలను మూడింటినీ మూడుగా పలికే శుద్ధి, ఇవన్నీ ఆ ఇరుకు చోటులోనే ఉన్నాయి. పై స్వరాల దగ్గర ఎత్తు చూపే హెడ్‌ఫోన్ ఈ మూడు అక్షరాలనూ ఒకే బుస చేసేస్తుంది. మోనో పాటతో ఇంకో మేలుంది. అందులో గొంతు తల మధ్యలో, సరిగ్గా నుదుటి వెనుక నిలబడాలి. వాల్యూం బాగా తగ్గించినప్పుడు అది ఎడమకో కుడికో జరిగితే ఆంప్ నాబ్‌లో రెండు పక్కలూ సమంగా లేవన్నమాట. అప్పుడు గెయిన్ స్విచ్‌ను తక్కువకు దించి, నాబ్‌ను ఇంకాస్త పైకి తిప్పాలి. గొంతు మళ్లీ నడిమికి వస్తుంది. వేల రూపాయల మీటరు చేసే పరీక్షను పాత మోనో పాట ఒక్క నిమిషంలో చేసిపెడుతుంది.

ఫోన్ చాలదా అన్నది మరో ప్రశ్న. తేలిగ్గా పలికే ఇయర్‌ఫోన్లకు మంచి డాంగిల్ చాలు, దాన్ని చులకన చేయడం అన్యాయం. కానీ హైఫైమాన్ హెచ్‌ఈ-6 లాంటి, బలం బాగా అడిగే ప్లేనార్ రకాన్ని డాంగిల్‌కు తగిలిస్తే ఎద్దుబండికి ధాన్యం లారీ బరువు ఎత్తినట్టే. మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఎర్త్ సరిగా లేని ప్లగ్గుకు లాప్‌టాప్ చార్జరు పెడితే హెడ్‌ఫోన్‌లో సన్నగా గుయ్యిమనే మోత వస్తుంది. చార్జరు పీకగానే అది ఆగితే తప్పు ఆంప్‌ది కాదు, చార్జరుదో ఇంటి ఎర్తింగ్‌దో. వేలు పోసి తీగలు కొంటే మోత పోతుందని నమ్మించేవారి మాట వినకండి. బాగున్న తీగకూ బంగారు పూత తీగకూ పాటలో తేడా ఉండదు. బందరు ఉప్పుగాలికి ప్లగ్గు నల్లబడితే దాన్ని తుడిచి పెట్టుకుంటే చాలు.

అసలు కడుపు మండేది నకిలీల దగ్గర. ఘంటసాల పాటకు ప్రతిధ్వని పూసి, లేని స్టీరియోను సాగదీసి, కింద దడదడమనే బీట్లు తగిలించి దానికి రీమాస్టర్ అని పేరు పెడుతున్నారు. మధ్యలో నిలబడాల్సిన గొంతు నూతిలోంచి పలికినట్టు రెండు పక్కలా చెదిరిపోతోంది. పేరున్న హెడ్‌ఫోన్ల ముద్ర కొట్టిన దొంగసరుకు సగం ధరకు దొరుకుతోంది, దాని నిండా ఉబ్బిన మంద్రమే. పెడన కలంకారీ దీనికి మంచి ఉపమానం. అద్దకపు అచ్చుతో వేసిన గుడ్డ పక్కనే స్క్రీన్ ప్రింటు గుడ్డ కలంకారీ పేరుతో చవగ్గా అమ్ముడుపోతే నష్టపోయేది అద్దకం పనివాడొక్కడే కాదు, అసలు రంగు ఎలా ఉంటుందో కొనేవాడి కన్ను కూడా మరిచిపోతుంది. చెవికీ అదే గతి పడుతోంది. ఉబ్బిన మంద్రానికి అలవాటు పడిన పిల్లలకు అసలు ఘంటసాల వినిపిస్తే పాట పలచగా ఉందంటారు. పలచబడింది పాట కాదు, వారి వినికిడి.

అందుకే ఒక విన్నపం. బందరు, గుడివాడ, అవనిగడ్డ గ్రంథాలయాల్లోనూ, కూచిపూడి కళాపీఠంలోనూ ఒక్కొక్క బల్ల వేయండి. దాని మీద ఒక మంచి తీగ హెడ్‌ఫోన్, దానికి కుదిరిన ఆంప్, సాదా డ్యాక్, చేయి పెట్టి చెడగొట్టని పాత రికార్డులు ఉంచండి. చవకబారు సరుకు కొన్నిసార్లు కొని విసిరేసే డబ్బు కంటే దీనికి ఎక్కువేమీ కాదు. సంగీతం నేర్చుకునే పిల్ల అక్కడ కూర్చుని, పద్యానికి ముందు ఘంటసాల ఊపిరి ఎక్కడ తీసుకున్నారో ఒక్కసారి వింటే చాలు. తన పద్యంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.