ఒత్తులూ పాదాలూ తెగకుండా

కూచిపూడి తరంగం ఫొటో ఒకటి తీసుకోండి. ఇత్తడి పళ్లెం అంచున పాదాలు, తల మీద నీళ్ల చెంబు. కూచిపూడి నాట్యాలయం ఏదైనా వెబ్‌సైట్ పెట్టుకుంటే మొదటి పేజీకి ఇదే ఎంచుకుంటుంది. అక్కడేమో రెడీమేడ్ టెంప్లేట్‌లో అడ్డంగా సాగిన పట్టీ ఉంటుంది. సీఎస్ఎస్‌లో ‘కవర్’ అనే అమరిక ఆ పట్టీ నిండేలా ఫొటోను పెంచి, మధ్యభాగం ఉంచి, పైనా కిందా కోసేస్తుంది. చెంబు పోయింది, పళ్లెమూ పోయింది. మిగిలింది ఏ నృత్యానిదో తెలియని ఒక నడుము. దీనికి మందు ఉంది: ‘ఆబ్జెక్ట్ పొజిషన్’ను ‘బాటమ్’ అని మారిస్తే కనీసం పాదాలు దక్కుతాయి. అంతకన్నా మేలు, నృత్యం ఫొటోకు నిలువు చట్రమే ఇవ్వడం. ఫోన్‌ను ఎలాగూ నిలువుగానే పట్టుకుంటాం కదా.

తెలుగు అక్షరానికీ ఇదే గతి పడుతోంది. టెంప్లేట్లలో చాలావాటిని ఇంగ్లిషు అక్షరాలకు కొలత తీసి కుట్టారు. మన అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు. ‘శాస్త్రీయ’ అని రాస్తే ఒత్తు కింద ఒత్తు దిగుతుంది. అక్షరం ఎత్తుకు 1.2 రెట్ల లైన్ హైట్ ఇచ్చినచోట ఈ ఒత్తు కింది వరుసలోని గుడిని వెళ్లి గుద్దుతుంది. 1.6కు తగ్గకుండా ఇవ్వండి, ఒత్తులు ఎక్కువగా పడే వ్యాసమైతే 1.8 ఇచ్చినా ఎక్కువ కాదు. మెనూలకూ బటన్లకూ ఎత్తు బిగించేసి, మించినది దాచెయ్యమంటే ఒత్తులు సగానికి తెగుతాయి. ఎత్తును వదిలేసి, పైనా కిందా ఖాళీ ఇస్తే సరిపోతుంది.

ఇంకో కోత కంటికి అంత తొందరగా ఆనదు. వార్తల శీర్షికలను ఇన్ని అక్షరాలకే ఆపమని ప్రోగ్రామర్ రాస్తాడు. కూచిపూడి నటుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారి స్త్రీవేషం మీద వ్యాసం ఉందనుకోండి. మన కంటికి ‘స్త్రీ’ ఒక్క అక్షరమే. యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు కోడ్ పాయింట్లు. కోత మధ్యలో పడితే ‘స్’ అని వేలాడుతూ మిగులుతుంది. లెక్క కోడ్ పాయింట్లతో కాదు, కంటికి కనిపించే అక్షరాలతో చెయ్యాలి. ఆ సదుపాయం ఇప్పటి జావాస్క్రిప్ట్‌లోనే ఉంది.

ఫాంట్ల దగ్గర మనం అదృష్టవంతులం. కూచిపూడిలో సంజీవని ఆసుపత్రి కట్టిన సిలికానాంధ్ర సంస్థే తెలుగు యూనికోడ్ ఫాంట్లనూ ఉచితంగా విడుదల చేసింది. వాటిలో ‘మండలి’ ఒకటి. దానికి, 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన దివిసీమ నేత మండలి వెంకట కృష్ణారావు గారి పేరు పెట్టారు. మామూలు పాఠానికి హాయిగా ఉంటుంది. దానికి బోల్డ్ లేదు. బోల్డ్ కావాలంటే బ్రౌజర్ తనే మసి పూస్తుంది, ఒత్తులు అలుక్కుపోతాయి. శీర్షికలకు ‘రామభద్ర’ లాంటి లావు ఫాంట్ వేరే తెచ్చుకోండి. ఇటాలిక్ జోలికి వెళ్లకండి. వాలిన తెలుగు నా కంటికి పడిపోతున్న తెలుగే.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఆహ్వాన పత్రికలతో. విజయవాడలో డీటీపీవాళ్లు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో దిద్దిన కార్డును బొమ్మగా తెచ్చి పేజీలో అతికిస్తారు. చూడ్డానికి కళకళలాడుతుంది. అందులోని గురువు పేరును గూగుల్ సరిగ్గా పట్టుకుంటుందన్న నమ్మకం లేదు, చూపు లేనివారికి ఫోన్ సరిగ్గా చదివి వినిపిస్తుందన్న భరోసా లేదు. ఇలాంటి చిక్కు మనకు కొత్తది కాదు: ఒకప్పుడు తెలుగు పత్రికలు ఎవరి ఫాంట్ వాళ్లు పెట్టుకుని సైట్లు నడిపాయి. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ అనే సాఫ్ట్‌వేర్ తయారు చెయ్యాల్సి వచ్చింది. తెలుగు వికీపీడియాకు 2003లో శ్రీకారం చుట్టిందీ ఆయనే. కార్డు పెట్టుకోండి, దాని కిందే అదే విషయం యూనికోడ్‌లో టైపు చెయ్యండి. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ మొదట్లోనే చెప్పండి.

ఇక పేజీలో ఏముండాలి? కూచిపూడి కలాపంలో పాత్ర ప్రవేశ దరువుతో వస్తూనే తానెవరో చెప్పుకుంటుంది. మొదటి పేజీ కూడా అంతే చెయ్యాలి: ఏ గురువు, ఏ ఊరు, పాఠాలు ఏ వేళల్లో, నొక్కితే మోగే ఫోన్ నంబరు. ‘స్వాగతం’ అని ఎగిరే అక్షరాలు, తెరవగానే మోగే జతులు ఎవరూ అడగలేదు. వీడియోలు నొక్కినప్పుడే దిగాలి. కూచిపూడి చుట్టుపక్కల మొవ్వ, పామర్రు ప్రాంతాల పల్లెల్లోని తల్లిదండ్రులు చూసేది చవక ఫోన్లలో, డేటా లెక్క చూసుకుంటూ.

సైట్ చేయించుకునే గురువులకు ఒక్క మాట. బాకీ డబ్బు ఇచ్చేముందు అలాంటి చవక ఫోనొకటి డిజైనర్ చేతికిచ్చి ‘స్త్రీవేషం’, ‘శాస్త్రీయ నృత్యం’ అన్న శీర్షికలనూ తరంగం ఫొటోనూ చూపించమనండి. ఒత్తులూ పళ్లెమూ పూర్తిగా కనిపించాకే మిగతా సొమ్ము ఇవ్వండి.