ముడి లేని కట్టు

తాడుతో మనిషిని కట్టడం ఒక విద్య అంటే మనవాళ్లు నవ్వుతారు. సినిమాల్లో రౌడీలు హీరోయిన్‌ను స్తంభానికి కట్టేసే తీరు చూశాక నవ్వు రావడంలో తప్పు లేదు. ఆ కట్టుకు లేగదూడ కూడా ఆగదు. జపాన్ వాళ్లు మాత్రం ఆ పనిని వందల ఏళ్లపాటు గురువు దగ్గర నేర్చుకునే విద్యగా నిలబెట్టుకున్నారు. దాన్ని మెచ్చుకోవడానికి జపాన్ దాకా పోనక్కర్లేదన్నది నా వాదన. తమిళనాడులోని కోవిల్‌పట్టిలోనో విరుదునగర్‌లోనో వీధి అరుగు మీద అరటినారతో మల్లెలు కట్టే చేతుల్లో ఉన్నదీ అదే విద్య. పట్టు జారకూడదు, పట్టినదానికి దెబ్బ తగలకూడదు. కట్టుకు పరీక్ష ఈ రెండే. రెండూ ఒకే చేతికి ఒకేసారి కుదరడం ఎంత కష్టమో పది పూలు కట్టబోయి నేలపాలు చేసినవాళ్లను అడగండి.

జపాన్ చరిత్రను క్లుప్తంగా చెప్పుకుందాం. యుద్ధాల రోజుల్లో చేజిక్కిన శత్రువునూ, తర్వాత ఎడో కాలంలో నేరస్థుణ్ణీ తాడుతో బంధించే పద్ధతిని హోజోజుత్సు అన్నారు. ఒక్కో గురుకులానిది ఒక్కో బాణీ. ఖైదీ హోదాను బట్టి, నేరాన్ని బట్టి కట్టు మారేది. ఖైదీ తప్పించుకోకూడదు, గాయపడకూడదు, కట్టే కిటుకు పక్కవాడి కంట పడకూడదు, చూడ్డానికి అందంగా ఉండాలి అని ఆ విద్యకు నాలుగు నియమాలు చెబుతారు. ఆ నాలుగోది చూడండి! ఠాణాకు ఈడ్చుకుపోయే మనిషి ఒంటి మీద కూడా పని అందంగా ఉండాలనుకున్నారంటే వాళ్లకు చేతిపని మీద ఎంత గౌరవమో ఆలోచించండి. నేరం తేలని మనిషికి ముడి వేయడం అవమానమని, ముడి అన్నదే లేకుండా చుట్లతోనే పట్టు నిలిపే పద్ధతులూ ఉండేవి. 20వ శతాబ్దంలో ఈ తాడు పోలీసుల చేతి నుంచి చిత్రకారుల దగ్గరికి, రంగస్థలం మీదికి, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి ఆడుకునే శృంగారంలోకి వచ్చింది. కిన్‌బాకు, షిబారి అన్న పేర్లతో లోకానికి తెలిసింది ఈ రూపమే. చిత్రకారుడు ఇతో సెయియు (1882–1961) దీనికి ఆద్యుడంటారు. 1947లో మొదలైన కితన్ క్లబ్ పత్రిక పాఠకులను సంపాదించిపెట్టింది. నురేకి చిముఓ 1985లో కిన్‌బికెన్ అనే బృందం పెట్టి శిష్యులను తయారుచేశాడు. అకెచి దెంకి వేదిక మీద మనిషిని గాలిలో వేలాడదీసి చూపించాడు. నాకు వీళ్లందరి కంటే యుకిమురా హరుకి గొప్పవాడనిపిస్తుంది. కొద్దిపాటి తాడుతో, నిమిరినట్టు కట్టడం అతని బాణీ. ఎక్కువ తాడు వాడి మెప్పించడం ఎవరికైనా చేతనవుతుంది.

తాడు జనపనారదో గంజాయినారదో అవుతుంది. సుమారు 6 మిల్లీమీటర్ల మందం, 7, 8 మీటర్ల పొడవు. పైకి లేచిన పీచును మంట మీద కాల్చి, నూనె పట్టించి మెత్తన చేస్తారు. సగానికి మడిచి మడత దగ్గర మొదలుపెడతారు కాబట్టి ఒంటి మీద ఎప్పుడూ రెండు పేటలు పక్కపక్కన నడుస్తాయి. అవి ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. ఎక్కినచోట బరువంతా ఒక గీత మీద పడి చర్మం కోసుకుంటుంది. దండచెయ్యి వెలుపలి వైపు ఎముకను ఆనుకుని ఒక నరం పోతుంది. తాడు దాన్ని నొక్కితే మణికట్టు పైకి లేవక చెయ్యి వేలాడిపోతుంది, కోలుకోవడానికి వారాలూ నెలలూ పట్టొచ్చు. అందుకే తెలిసినవాళ్లు మధ్యమధ్యలో వేళ్లు కదిలించమంటారు, తాడు కోసే కత్తెరను చేతికందే దూరంలో పెట్టుకుంటారు, అవతలి మనిషి చాలంటే ఆ క్షణమే విప్పేస్తారు. నాలుగు ఫొటోలు చూసి బజారు నైలాన్ తాడుతో ఇంట్లో ప్రయోగాలు చేసేవాళ్లకు ఇవేవీ పట్టవు. వాళ్లది విద్య కాదు, పచ్చి మూర్ఖత్వం.

ఇక మల్లెల సంగతి. అరటిపట్ట నుంచి తీసిన నారను నీళ్లలో తడిపి సన్నగా చీలుస్తారు. తడి ఆరితే అది పుటుక్కున తెగుతుంది. ఒక కొసను ఎడమచేతి వేళ్ల మధ్య బిగించి, రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, కాడలు కలిసేలా పెడతారు. కుడిచేతి వేళ్లు నారను కాడల చుట్టూ తిప్పి, మెలేసి ఉచ్చు చేసి, ఆ ఉచ్చును పూల మీదుగా జార్చి ఒక్క లాగు లాగుతాయి. అంతే, తర్వాతి జతకు పోతాయి. వెనక జత ముందు జతను అదిమి పట్టుకుంటుంది. మొదటా చివరా తప్ప మూర పొడుగునా ముడి ఉండదు. జపాన్ వాళ్లు నేరం తేలని ఖైదీకి వాడిన సూత్రాన్నే మన ఆడవాళ్లు పువ్వుకు వాడుతున్నారు. బిగువు ఎక్కువైతే కాడ తెగుతుంది, తక్కువైతే జడలోకి చేరేలోపే పూలు రాలిపోతాయి. మధ్యాహ్నం కట్టిన మొగ్గ సాయంత్రం విచ్చుకోవాలి కాబట్టి జతకూ జతకూ మధ్య ఆ జాగా ముందే వదలాలి. ఇదంతా బేరమాడుతూ, పిల్లల్ని కసురుతూ, చేతుల వంక చూడకుండానే చేస్తారు.

ఈ విద్యకు కాశి లాంటి ఊరు విరుదునగర్ జిల్లాలోనే ఉంది. శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ తల్లి (మన గోదాదేవి) ఎడమచేతిలో ఉండే చిలకను ఏ రోజుకారోజు కొత్తగా కడతారు. ముక్కుకు దానిమ్మ పువ్వు, కాళ్లకు వెదురుపుల్లలు, ఒంటికి పచ్చటి ఆకులు, అలంకారానికి గన్నేరు, నందివర్ధనం రేకులు. దాదాపు నాలుగున్నర గంటల పని. తులసి, చేమంతి, సంపంగి కలిపి కట్టిన ఆమె మాల తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు వెళ్తుంది, చైత్ర పౌర్ణమికి మదురై అళగర్ స్వామికీ వెళ్తుంది. మన పంచకావ్యాల్లో ఒకటైన ఆముక్తమాల్యద పుట్టింది ఈ ఊరి మాల నుంచే. శ్రీకృష్ణదేవరాయలంతటి చక్రవర్తి తోట పెంచి దండలు కట్టుకునే ఆమె తండ్రి విష్ణుచిత్తుణ్ణి కథానాయకుణ్ణి చేశాడు. రాజపాళయం రాజులు మొదలుకొని, ఇడైసెవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ వంటివారి కుటుంబాల దాకా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ఈ నేల మీద నిలబడి పూలు కట్టడాన్ని చిల్లరపని అనేవాడు రాయల్ని చదవలేదనే అర్థం.

శృంగారపు తాడునూ దేవుడి మాలనూ ఒకే వ్యాసంలో పెట్టడం అపచారమని కొందరికి కోపం రావచ్చు. నేను పోల్చింది చేతి బిగువును, దాని వెనక ఉన్న శ్రద్ధను. ఉద్దేశాలు వేరు, ఆ మాటకొస్తే హోజోజుత్సుకూ కిన్‌బాకుకూ మధ్యే ఉద్దేశం మారిపోయింది. సాయంత్రానికి వాడిపోయేదాన్ని కళ అనడమేమిటని ఇంకో ప్రశ్న. తాడు కట్టు కూడా గంటలో విప్పేసేదే, సంగీత కచేరీ కూడా రాత్రికి ముగిసేదే. సూదీ దారంతో గుచ్చినా పూలదండే కదా అన్నది మూడో మాట. దీనికి నాకు ఓపిక లేదు. సూది పువ్వు గుండెల్లోంచి దూరిపోతుంది, నార కాడను పట్టుకుని నిలుపుతుంది. ఒకటి పొడవడం, ఒకటి కట్టడం. కల్యాణమండపాల్లో వేలాడే ప్లాస్టిక్ బంతిపూల గురించి మాట్లాడి ఈ కాగితం పాడుచేయను.

జపాన్‌లో ఫుజిత సెయికో అనే ఆయన పాత కట్లను బొమ్మలతో సహా 1964లో పుస్తకంగా వేశాడు. నేరస్థుణ్ణి కట్టిన తాడుకే అంత రికార్డు ఉంటే, దేవుడికి కట్టిన మాలకు మనమేం రాసుకున్నాం? కన్యాకుమారి జిల్లా తోవాళలో పూలరేకులనూ ఆకులనూ మడిచి చాపలా అల్లే మాణిక్యమాలకు 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మంచిదే. ఆ గుర్తింపు సరుక్కి వచ్చింది, చేతులకు కూడా రావాలి. మూరకింతని కూలి దొరికే పనిని కూతురికి నేర్పమని ఏ తల్లినీ మనం అడగలేం. దేవాదాయ శాఖ శ్రీవిల్లిపుత్తూరు చిలకనూ మాలనూ కట్టే తీరును చుట్టు చుట్టునా వీడియో తీయించాలి, కట్టేవాళ్ల పేర్లు గుడి గోడ మీద రాయించాలి, తిరుమల పూల అరలో పనిచేసేవాళ్లకూ అదే మర్యాద జరగాలి. అవన్నీ జరిగేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. మల్లెపూలు కొనేటప్పుడు మూర ఎంత అని అడిగే ముందు నారతో కట్టిందా, సూదితో గుచ్చిందా అని అడగండి. కట్టిందే అయితే బేరమాడకండి.